బదులు ఓడ

"ఎలాగూ మెషీన్ వేస్తావుగా, వీటిని కూడా అందులో పడెయ్" అంటూ మా ఆయన ఓడలోని దుప్పట్లన్నీ మూటగట్టి తెచ్చి బాత్రూం ముందు దించారు. తుప్పు, నూనె, పాత చెమట కలిసి అదో రకం వాసన. ముతక ఉన్ని దుప్పట్లు. మా మెషీన్‌లో ఒకసారికి ఒకటే పడుతుంది. అది తడిశాక బయటికి తీయాలంటే బురదలో దిగబడ్డ దున్నపోతును లాగినంత పని. ఆదివారం మొత్తం వాటికే సరిపోయింది. సాయంత్రం కమిటీ వాళ్ళు మా హాల్లో కూర్చుని "ఓడ దుప్పట్లు ఉతికించడమైనది" అని మినిట్స్‌లో రాసుకున్నారు. ఎవరు ఉతికారో రాసే అలవాటు వాళ్ళకి లేదు. నేను అందరికీ టీ ఇచ్చి, ఆరని దుప్పట్లు తిరగేయడానికి మేడ మీదికి వెళ్ళాను.

ఈ 'ఎలాగూ' అన్న మాట మీదే నా కాపురం ఇన్నేళ్ళు నడిచింది. ఎలాగూ లేచావుగా, కాస్త కాఫీ పెట్టు. ఎలాగూ బజారుకి వెళ్తున్నావుగా, నా చెప్పులు కుట్టించుకురా. ఎలాగూ ఇంట్లోనే ఉంటావుగా, అమ్మ మోకాళ్ళకి తైలం రాయి. పెళ్ళయిన కొత్తలో నేను ఒక బళ్ళో లెక్కలు చెప్పేదాన్ని. అమ్మాయి పుట్టాక "ఎలాగూ నీ జీతం లేకపోయినా గడుస్తుందిగా" అన్నారు, మానేశాను. ఎవరూ నన్ను కొట్టలేదు, తిట్టలేదు. మా ఆయన మంచివారని అందరూ అంటారు, నేనూ అంటాను. కానీ ఆ మాటలో ఏదో మాయ ఉంది. చేసిన పని పనిగా లెక్కకి రాదు, ఇంకేదో పనికి తోకలా వచ్చినట్టు ఉంటుంది. అలా తోకలన్నీ కలిపి చూసుకుంటే నాకు తలకాయ ఎక్కడా కనిపించేది కాదు.

అయినా నేను ఫిర్యాదు చెయ్యడానికి కూర్చోలేదు. ఒక తుప్పుపట్టిన ఓడకి, ఒక వెల్డరుకి, నోటిదురుసు అత్తగారికి నేనెంత రుణపడి ఉన్నానో చెప్పుకుందామని కూర్చున్నాను. మొదట్లోనే దుప్పట్లు అడ్డం పడ్డాయి.

మా ఊరి పాత రేవులో ఆ ఎర్ర ఓడ చాలాకాలంగా పడి ఉంది. అందరూ దాన్ని దీపం ఓడ అనేవారు. అదేమిటో నాకూ మొదట తెలీదు. సముద్రంలో కొన్నిచోట్ల నీళ్ళ కింద ఇసుక దిబ్బలుంటాయి. తెలియక వచ్చి వాటి మీదికెక్కిన ఓడ ఇక దిగదు. పోనీ అక్కడ దీపస్తంభం కడదామా అంటే ఇసుకలో పునాది నిలవదు. అందుకని ఒక ఓడనే తీసుకెళ్ళి ఆ చోట లంగరేసి, దాని స్తంభం మీద పెద్ద దీపం పెట్టేవారు. దానికి సొంత ఇంజిను కూడా ఉండదు. ఇంకో పడవ లాక్కెళ్ళి నిలబెడితే అక్కడ నిలబడుతుంది, లాక్కొస్తే వస్తుంది. సరుకు మోయదు, మనుషుల్ని దాటించదు. రాత్రంతా వెలుగుతూ ఉండటమే దాని ఉద్యోగం. కాలం మారి దీపం ఓడల అవసరం తీరిపోయింది. దీన్ని పాత ఇనుము కింద ముక్కలు చేస్తారని తెలిసి, రిటైరైన పెద్దమనుషులు కొందరు కలిసి దీన్ని మ్యూజియం చేద్దామని కమిటీ పెట్టారు. కాలేజీ ప్రిన్సిపాల్‌గా చేసి దిగిపోయినాయన అధ్యక్షుడు. రేవు ఆఫీసులో చేసి దిగిపోయిన మా ఆయన కార్యదర్శి. మీటింగులు మా హాల్లో, టీలు మా వంటింట్లో.

మొదటి మీటింగులోనే ప్రిన్సిపాల్ గారు ఉపన్యాసం ఇచ్చారు. "ఈ ఓడ మన ఇళ్ళలో ఆడవాళ్ళలాంటిదండీ. తాను కదలదు, అందరికీ దారి చూపిస్తుంది" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు, మా ఆయన నా వైపు చూసి మరీ కొట్టారు. నా చేతుల్లో ట్రే ఉంది కాబట్టి నేను కొట్టలేకపోయాను. పొగిడి పొయ్యి దగ్గర కూర్చోబెట్టడం అంటే ఇదేనేమో అనుకుని నవ్వుకుంటూ లోపలికెళ్ళాను. పాపం ఆయన మనస్ఫూర్తిగానే అన్నారు. తర్వాత ఆయనకి నేను రుణపడే రోజు కూడా వచ్చింది, అది తర్వాత చెప్తాను.

నేను ఓడెక్కింది టీ ఫ్లాస్కులు మోయడానికి. పనివాళ్ళకీ కమిటీ వాళ్ళకీ అక్కడే టీ ఇస్తే బాగుంటుందని మీటింగులో తీర్మానించారు, తీర్మానం ఎవరు మోస్తారో వేరే చెప్పనక్కర్లేదు. ఆ రోజు డెక్కు మీద కమిటీ వాళ్ళు తుప్పు గీకే కత్తులు పట్టుకుని ఫొటో దిగి, కత్తులు పెట్టెలో పెట్టేసి వెళ్ళిపోయారు. మిగిలింది నేనూ, కుళ్ళిన రేకులు కోసి కొత్తవి అతకడానికి వచ్చిన వెల్డరూను. వెల్డరంటే మగవాడనుకున్నాను. ముఖానికున్న ముసుగు పైకెత్తేసరికి ఆడమనిషి. నాకంటే బాగా చిన్నది. అందరూ వెల్డరమ్మ అనేవారు, ఆ పిలుపుకే పలికేది. ఖాళీ కప్పులు ఏరుకుంటున్న నన్ను చూసి పెట్టెలోంచి ఒక కత్తి తీసి నా చేతిలో పెట్టింది.

"ఊరికే నిలబడితే ఈ గాలికి జలుబు చేస్తుందక్కా. ఇది పట్టుకో" అంది.

తుప్పుని బుజ్జగించకూడదని నేర్పింది. మెత్తగా తగిలిన చోట వదిలేస్తే పైన రంగు నవ్వుతుంది, కింద ఇనుము ఏడుస్తుంది అనేది. పొడి రాలుతున్నంతసేపూ గీకాలి, కత్తి కింద ఇనుము కణకణమన్నాక ఆపాలి. ఆ వెంటనే, గాలి తగిలి మళ్ళీ ఎర్రబడేలోపు, మొదటి పూత వేసెయ్యాలి. మొదటిరోజు నేను అరచెయ్యంత మేర గీకాను. చేతులు బొబ్బలెక్కాయి. మర్నాడు ఫ్లాస్కులతో వెళ్ళి ముందు అక్కడికే పరుగెత్తాను. నేను గీకి రంగేసిన ఆ అరచెయ్యంత మేర అలాగే ఉంది. రాత్రి గడిచినా, తెల్లారినా, నేను చేసిన పని నేను చేసినట్టే నిలబడి ఉంది.

ఇది చదివే మగవాళ్ళకి ఇందులో విశేషమేముందో తెలియకపోవచ్చు. నేను తోమిన గిన్నె పూటకి మించి తోమినట్టు ఉండదు. ఊడ్చిన ఇల్లు ఎవరో ఒకరు చెప్పులతో వచ్చేదాకానే. వండింది తినేస్తారు, ఉతికింది విడిచేస్తారు, మడిచింది లాగేస్తారు. రోజూ చేస్తాను, రోజూ చేసిన గుర్తు చెరిగిపోతుంది. చెయ్యని రోజు మాత్రం అందరికీ కనిపిస్తుంది. ఇన్నేళ్ళలో నేను చేసినదాన్ని మర్నాడు పొద్దున వెళ్ళి చూసుకోవడం అదే మొదటిసారి. ఆ ఎర్ర పూత మీద చెయ్యి పెట్టి నిలబడి ఏడ్చాను. దుఃఖం కాదు. కడుపు నిండినట్టుగా ఉండి ఏడుపొచ్చింది. వెల్డరమ్మ చూసి చూడనట్టు ముసుగు దించుకుని తన నిప్పురవ్వల్లో పడిపోయింది. అందుకు ఆమెకి ఇప్పటికీ దండం పెడతాను.

అప్పటినుంచి రోజూ వెళ్ళాను. తెల్లారకుండానే లేచి ఇంటి వంటంతా చేసి, మూతలు పెట్టి, ఏది ఎందులో ఉందో మా ఆయనకి చెప్పి, ఆయన వినలేదని తెలిసి మళ్ళీ చెప్పి, ఫ్లాస్కులు నింపుకుని బయల్దేరేదాన్ని. ఆయన అడ్డు చెప్పలేదు. కార్యదర్శి భార్య ఉచితంగా సేవ చేస్తోందని కమిటీలో ఆయనకి మంచిపేరు. అడ్డం వస్తే అత్తయ్య వస్తుందనుకున్నాను. ఆవిడ మాటలు నాకు కొత్త కాదు. కొత్తకోడలిగా ఉన్నప్పుడు "గిన్నెలు చప్పుడు కాకుండా కడగడం మీ అమ్మ నేర్పలేదా" అని అడిగింది. చేసిన కూర ఏనాడూ బాగుందనలేదు, "తినొచ్చు" అనేది, అదే పెద్ద మెచ్చుకోలు. ఇప్పుడు మోకాళ్ళు సహకరించక ముందు గదిలో కుర్చీకే పరిమితమైంది గానీ నోరు పరుగెత్తడం మానలేదు.

"ఆడది ఓడెక్కి గోడలు గీకడమేమిటే? మనింట్లో గోడలు లేవా?" అంది. నేను నవ్వి ఊరుకున్నాను. మర్నాడు నేను చెప్పులేసుకుంటుంటే, తలకి గుడ్డ కట్టుకోమని, తుప్పుపొడి వెంట్రుకల్లోకి పోతే వదలదని చెప్పింది. తన పాత నూలు చీర చింపిన ముక్క చేతికిచ్చింది.

లోపలి గదులు తయారయ్యాక, ప్రారంభానికి ముందు ఒకసారి ఊళ్ళో పెద్దల్ని పిలిచి చూపిద్దామన్నారు. మూతబడిన బట్టల దుకాణంలో బొమ్మలు కొనుక్కొచ్చి, నావికుల దుస్తులు తొడిగి ఒక్కో గదిలో ఒక్కోటి నిలబెట్టారు. కెప్టెన్ బొమ్మ, దీపం చూసేవాడి బొమ్మ, లంగరు గొలుసు కాసేవాడి బొమ్మ. వంటగదికి వచ్చేసరికి బొమ్మలు అయిపోయాయి. "పర్లేదు, అక్కడ టీ పెట్టుకోవచ్చు" అన్నారు. సరే, నేను అక్కడ నిలబడి టీ కాస్తున్నాను. అలలకి గిన్నెలు జారిపోకుండా ఆ పొయ్యి చుట్టూ ఇనుప కమ్మీలుంటాయి. నాకు ఆ పొయ్యంటే ప్రాణం. జనం గుంపుగా వచ్చి గుమ్మానికి కట్టిన తాడు అవతల నిలబడ్డారు. ప్రిన్సిపాల్ గారు "ఇది వంటగది" అని ఒక్క ముక్క చెప్పి, పదండి పైన దీపం చూద్దామన్నారు. నేను చక్కెర డబ్బా కోసం చెయ్యి చాపాను. తాడు దగ్గరున్న ఒకావిడ ఉలిక్కిపడి గుండె మీద చెయ్యేసుకుంది.

"అమ్మో, బొమ్మనుకున్నానండీ" అంది.

అందరూ నవ్వారు. మా ఆయనా నవ్వారు. ఇంటికొచ్చాక కూడా తలుచుకుని నవ్వారు, అమ్మాయికి ఫోన్ చేసి చెప్పి మరీ నవ్వారు. ఆ సాయంత్రం నాకు మాత్రం నవ్వు రాలేదు. నడవలో గోడకి బిగించిన బోర్డు గుర్తొచ్చింది. ఓడ సిబ్బంది వివరాలు, మా ఆయనే టైపు చేసిచ్చారు. ఒక విడత ఓడ మీద ఉన్నాక ఎవరైనా సరే ఒడ్డుకి సెలవు మీద వెళ్ళాలి, వాళ్ళ స్థానంలో ఇంకొకరు రావాలి. కెప్టెన్‌కి అంతే, వంటవాడికీ అంతే. వంటవాడికి కూడా! నేను చేసే పనే కదా ఆ వంటవాడు చేసింది. మూడు పూటలా వండటం, కడగడం, ఎవరు ఏది తినరో గుర్తుపెట్టుకోవడం. దానికి జీతం ఉంది, తెర వేసిన సొంత మంచం ఉంది, సెలవు ఉంది. నాకు అసూయ కలగలేదు. ఏళ్ళ తరబడి ఒంట్లో ఉన్న నలతకి ఒక పేరుందని డాక్టరు చెప్పినప్పుడు కలిగే ఊరటలాంటిది కలిగింది.

ఇక మిగిలింది ఓడ పక్కలు. రెండు పక్కలా పెద్ద తెల్లక్షరాలతో, చరిత్ర పుస్తకాల్లో చోటు దొరికిన ఒక ఇసుక దిబ్బ పేరు ఉండేది. ఆ దిబ్బ దగ్గర తుపాన్లలో ఎన్ని ఓడల్ని మన ఓడ కాపాడిందో ప్రిన్సిపాల్ గారు పుస్తకం కూడా వేశారు. అక్షరాలు పెచ్చులూడుతున్నాయి, గీకి మళ్ళీ అదే పేరు రాయమన్నారు. నేనూ వెల్డరమ్మా ఉయ్యాల బల్ల మీద వేలాడుతూ నీళ్ళ వైపు పక్క గీకుతున్నాం. తెలుపు కింద ఎరుపు, ఎరుపు కింద మళ్ళీ తెలుపు వచ్చింది. అది వేరే అక్షరం. ఇంకా పెద్దది. ఇద్దరం గీకుతూ పోయాం. మధ్యాహ్నానికి మొత్తం బయటపడింది. "బదులు" అని ఉంది, అంతే.

కబురు పెడితే ప్రిన్సిపాల్ గారు పడవలో వచ్చి తలెత్తి చూశారు. ముఖం చిన్నబోయింది. అదేమిటో ఆయనకి వెంటనే తెలిసింది, ఆయనే విడమరిచి చెప్పారు. దీపం ఓడలు అప్పట్లో చాలా ఉండేవట, ఒక్కోదానికి ఒక్కో చోటు, ఆ చోటి పేరే దాని ఒంటి మీద. ఉప్పునీళ్ళలో ఊరికే నిలబడి ఉన్నా సరే, ఏడాదికోసారైనా రేవుకి వచ్చి గీకించుకుని రంగేయించుకోకపోతే ఇనుము బతకదు. అలాగని ఆ చోట ఒక్క రాత్రయినా దీపం లేకుండా ఉండకూడదు. అందుకని సొంత చోటు లేని ఓడ ఒకటి ఉంచేవారు. ఏ ఓడ రేవుకి రావాలన్నా ఇది వెళ్ళి దాని చోట నిలబడేది. బాగై అది తిరిగొచ్చాక ఇంకోదాని దగ్గరికి వెళ్ళేది. మన ఓడ బతుకంతా చేసింది అదేనన్నమాట. పేరున్న దిబ్బ దగ్గర చివర్లో కొన్నాళ్ళు నిలబడితే ఆ పేరు ఒంటి మీద మిగిలిపోయింది.

"మనకి దొరికింది అసలుది కాదమ్మా" అన్నారు, ఇంట్లో ఎవరో పోయినట్టు. "టికెట్టు కొనుక్కుని బదులు ఓడని ఎవరు చూస్తారు?" ఫొటోలు తీయకముందే దాని మీద రంగు వేసెయ్యమని చెప్పి వెళ్ళిపోయారు.

నేను బల్ల మీదే కూర్చుండిపోయాను. నిలబడి ఉన్నా సరే ఇనుముని తుప్పు తినేస్తుందట. కదలకుండా, ఏమీ మోయకుండా, ఊరికే ఒకచోట ఉండి వెలుగుతున్నా సరే. అది తెలిసి, దాని చోట నిలబడటానికి ఇంకో ఓడని కట్టించారు. ఇనుముకి ఆ మాత్రం జాలి దక్కింది. మా అమ్మ చివరి రోజుల్లో నేను పుట్టింటికి వెళ్ళినప్పుడు మా ఆయన ఫోన్ చేసి, అమ్మకి ఎలా ఉందని అడిగి, నిజంగానే బాధపడి, ఆ తర్వాత కుక్కర్ ఎన్ని కూతలు వెయ్యనివ్వాలని అడిగారు. అమ్మ తల నా ఒళ్ళో ఉంది. నేను కూతలు చెప్పాను, ఆవాలు ఏ డబ్బాలో ఉన్నాయో చెప్పాను. తిరిగొచ్చేసరికి సింకు నిండా గిన్నెలు నా కోసం ఎదురుచూస్తున్నాయి. వాటిని తోముతూ అమ్మకోసం ఏడ్చాను, నీళ్ళ చప్పుడులో ఎవరికీ వినపడలేదు. నాకు జ్వరమొచ్చినా, ఆపరేషనై కుట్లు పడినా, నా చోట దీపం నేనే వెలిగించుకోవాలి. అది అన్యాయమని కూడా నాకు తోచలేదు. ఇంకోలా ఉండొచ్చని తెలిస్తే కదా.

ఆ సాయంత్రం అత్తయ్య మోకాళ్ళకి తైలం రాస్తూ ఓడ సంగతంతా చెప్పాను. ఎందుకు చెప్పానో తెలీదు, ఇంట్లో ఇంకెవరికి చెప్పను? ఆవిడ కళ్ళు మూసుకుని వింది.

"ఏడాదికోసారా?" అంది. మళ్ళీ అడిగింది, "ప్రతి ఓడకీనా?"

ప్రతి ఓడకీ అన్నాను. నిద్రపోయిందనుకుని లేవబోతుంటే నా చెయ్యి పట్టుకుంది.

"నా బదులు నువ్వొచ్చావే" అంది. "నువ్వీ ఇంట్లో అడుగుపెట్టిన రోజు, అమ్మయ్య, ఇక నేను కూర్చోవచ్చు అనుకున్నాను. నీ బదులు ఎవరొస్తారో ఆలోచించలేదు. నీకు కోడలు కూడా లేకపాయె."

ఆవిడకి నేనంటే గిట్టదని ఇన్నేళ్ళూ అనుకున్నాను. గిట్టకపోవడం కాదు, అలసట. నాకంటే ముందు ఆ పొయ్యి దగ్గర నిలబడి నిలబడి తుప్పెక్కిన మనిషి, నేను రాగానే గరిటె నా చేతికిచ్చి కూలబడిపోయింది. గరిటె సరిగ్గా పట్టుకున్నానో లేదో చూడటం తప్ప ఆవిడకి వేరే పని మిగల్లేదు. నేను ఆవిడ మోకాళ్ళ మీద తల పెట్టుకున్నాను. తైలం అంటుతుందే అని విసుక్కుంది గానీ తల తియ్యమనలేదు. ఆ ఒక్క సాయంత్రానికి పాత మాటలన్నీ చెల్లిపోయాయి.

రంగు వేసెయ్యమన్నారు కదా, రేవు వైపు పక్కన ఆ పేరున్న దిబ్బ పేరే మళ్ళీ చక్కగా రాయించారు. నీళ్ళ వైపు పక్క మాత్రం అలాగే ఉండిపోయింది. అడిగితే వెల్డరమ్మ రంగు చాలలేదంది. రంగు డబ్బాలు తన పనిముట్ల బల్ల కిందే ఉన్నాయని నాకు తెలుసు. జనం వచ్చేది రేవు వైపునుంచే కాబట్టి ప్రిన్సిపాల్ గారు కూడా పట్టుబట్టలేదు.

ప్రారంభానికి వారం ముందు మా హాల్లో ఆఖరి మీటింగు. రేవు ఆఫీసు వాళ్ళు ఒక షరతు పెట్టారు. రోజంతా ఓడ మీదే ఉండి దాని మంచిచెడ్డలు చూసుకునే బాధ్యుడు ఒకరు జీతం మీద ఉండాలి, లేకపోతే జనాన్ని ఎక్కించడానికి వీల్లేదు. ప్రిన్సిపాల్ గారు ఏమాత్రం తడుముకోకుండా మా ఆయన పేరు ప్రతిపాదించారు. రోజూ మేడమ్ వెళ్తూనే ఉన్నారు, ఇకముందూ వెళ్తారు, కార్యదర్శి గారు వారానికోసారి వచ్చి సంతకాలు పెడితే చాలన్నారు. అందరికీ ఇది భలే నచ్చింది. మా ఆయన నా వైపు చూసి నవ్వారు. ఆ నవ్వులో మోసం లేదు. నాకేదో కానుక ఇస్తున్నట్టే నవ్వారు.

నేను ట్రే పట్టుకుని గుమ్మంలో ఉన్నాను. ఆ ఓడలో నేను గీకని గోడ లేదు. దాని ఏ మేకు వదులో, వాన పడితే ఏ కిటికీ కారుతుందో నా ఒంటికి తెలుసు. ఇప్పుడు నోరు మెదపకపోతే రేపటినుంచి అది కూడా మా ఆయన ఇంటి పనుల్లో ఒకటైపోతుంది. నేను వెళ్తాను, చేస్తాను, వస్తాను. నాకు దొరికిన ఆ ఒక్క చోటులోనూ నేను ఉండను. ట్రే తీసుకెళ్ళి బల్ల మీద పెట్టాను. ఎవరికీ అందించలేదు.

"రోజూ వెళ్ళేది నేనైతే, పేరు కూడా నాదే రాయండి" అన్నాను.

మా ఆయన కంగారుగా నవ్వారు.

"పేరుదేముంది? నాదైనా నీదైనా ఒకటేగా?"

"ఒకటే అయితే నాదే రాయించండి."

ఎవరో దగ్గారు. ఆయన ముఖంలో నవ్వు పోయింది. కోపం రాలేదు, నిజంగా అర్థం కాలేదు. పేరు రాశాక రోజంతా అక్కడే ఉండాల్సి వస్తుందనీ, పొద్దున పోతే చీకటిపడ్డాక ఓడ మీద దీపం వెలిగించి గానీ రావడానికి ఉండదనీ నాకు నచ్చజెప్పబోయారు. చివరికి అసలు ప్రశ్న అడిగారు.

"మరి ఇల్లెవరు చూస్తారు?"

ఇన్నేళ్ళూ ఆ ప్రశ్నకి నేనే జవాబుని. అప్పుడు ముందు గదిలోంచి కర్ర చప్పుడైంది. అత్తయ్య ఎవరి సాయం లేకుండా లేచి, గోడ పట్టుకుని వచ్చి గుమ్మంలో నిలబడింది. ఆవిడ నడిచి రావడం కమిటీ వాళ్ళెవరూ చూసి ఎరగరు. అందరూ లేచి నిలబడ్డారు.

"నువ్వు చూడు" అంది కొడుకుతో. "నాకే పుట్టావు, నేనే నేర్పలేదు. ఇప్పుడు నేర్చుకో. నేను పక్కన కూర్చుని చెప్తాను."

తర్వాత ప్రిన్సిపాల్ గారి వైపు తిరిగి, దాని పేరు రాసుకోండి బాబూ అంది, కూరగాయలవాడితో బేరం ముగించినట్టు. ఆయన పెద్దమనిషి. ఒక్క క్షణం మా ఆయన వైపు చూసి, తల దించుకుని, రాసినదాన్ని కొట్టేశారు. కలం పట్టుకుని ఆగిపోయారు. నా చేతి టీ ఇన్నాళ్ళుగా తాగుతున్న మనిషికి నా పేరు తెలీదు. సిగ్గుపడుతూ అడిగారు. చెప్పాను. ఇంటిపేరుతో సహా, అక్షరం పొల్లు పోకుండా రాసుకుని, సరిగ్గా ఉందో లేదో చూడమని కాగితం నా ముందు పెట్టారు. నేనాయనకి రుణపడ్డానన్నది అందుకే. నేను చూశాను. బాగానే ఉంది. టీలు చల్లారిపోయాయి, ఎవరికి కావలసింది వాళ్ళు తీసుకుని తాగారు.

ఉద్యోగంలో చేరే రోజు పొద్దున నేను పొయ్యి దగ్గరికి వెళ్ళలేదు. స్నానం చేసి, తల దువ్వుకుని, నాకోసం నేను ఒక కప్పు కాఫీ పెట్టుకుందామని వెళ్తే వంటింట్లో చోటు లేదు. అత్తయ్య కుర్చీ అక్కడికి చేరింది. మంట తగ్గించరా, మూత పెట్టరా, ఉప్పు వేశావా లేదా అని ఆవిడ గొంతు. ఆయన చొక్కా నిండా పిండి. కూర మాడుతున్న వాసన వస్తోంది. లోపలికెళ్ళి ఆ మంట తగ్గించాలని నా చెయ్యి ఎంత గుంజిందో నాకే తెలుసు. ఆ చేతిని ఇంకో చేత్తో పట్టుకుని వీధి గుమ్మం దాకా వచ్చాను. ఒకరి బుగ్గ మీద మసి, ఇంకొకరి చేతిలో కర్ర, ఆ ఇద్దరూ నాకు ఆ క్షణంలో ఎంత ముద్దొచ్చారో చెప్పలేను.

చెప్పులేసుకుంటుంటే మా ఆయన గరిటె చేత్తోనే గుమ్మంలోకి వచ్చారు. ఏదో అడగాలని నిలబడ్డారు. ఉప్పు డబ్బా గురించేమో అనుకున్నాను.

"ఎప్పుడొస్తావు?" అన్నారు.

ఇన్నేళ్ళ కాపురంలో ఆ మాట నేనాయన్ని అడగడమే గానీ, ఆయన నన్ను అడగాల్సిన అవసరం ఒక్కనాడూ రాలేదు. అడిగి, నా ముఖంలోకి చూస్తూ జవాబు కోసం ఆగారు. ఆ ఆగడంలో ఎంత బెంగ ఉంటుందో నాకంటే బాగా ఎవరికి తెలుసు? జాలేసింది, నిజంగానే జాలేసింది. అయినా ఆ జవాబు చెప్పే హాయి ఎలా ఉంటుందో ఒక్కసారి చూద్దామనిపించింది.

"పనయ్యాక" అన్నాను.